బయమ్మవ్వ పెళ్ళి డిస్కుకు బొట్టు పెట్టిన కథ

బయమ్మవ్వ తన సొంత మనవళ్ళను, మనవరాళ్ళను ఒక్కసారైనా సరైన పేరుతో పిలిచిన పాపాన పోలేదు. శశిని పిలవాలంటే ముందు చెల్లెలి పేరు, తర్వాత ఆడబిడ్డ పేరు, ఆ పైన ఎప్పుడో అమ్మేసిన బర్రె పేరు నోట్లోంచి దొర్లి, చివరికి శశి దగ్గరికి వచ్చేది. అదే అవ్వను శింగనమల మొదలుకొని పామిడి దాకా ఏ ఇంటి గురించైనా అడగండి. వాళ్ళ తాత పేరు, తాతకు నాయన పేరు, ఆయన భార్య పుట్టిల్లు, అన్నీ గడగడా అప్పజెప్పేస్తుంది. పరాయివాళ్ళ పేర్లతో తలకాయ నిండిపోయి, ఇంట్లోవాళ్ళకు చోటు చిక్కలేదని ఆమె మొగుడు సుంకన్న తాత అంటాడు. ఆ మాట ఆమె దగ్గర లేనప్పుడే అంటాడు.

ఆ పేర్లతో అవ్వకు పనుంది. ఆ పల్లెల్లో పెళ్ళి జరిగితే తలంబ్రాల వేళ, అందరూ అక్షింతలు, అదే సేస, చల్లుతుండగా ఒక పెద్దముత్తయిదువ సోబాన పాట పాడాలి. పాట చాలామందికి వచ్చు. ఆఖరి చరణం మాత్రం ఏ పెళ్ళికి ఆ పెళ్ళికి కొత్తగా కట్టాలి. అందులో పెళ్ళికొడుకు ఇంటి పెద్దల పేర్లు వరసగా రావాలి. పేరు తప్పితే ఆ ఇంటివాళ్ళు విస్తరి ముందు మొగం మాడ్చుకుంటారు. చరణమే పాడకపోతే పెళ్ళి సగంలో వదిలేసినట్టే లెక్క.

అవ్వ పుట్టిల్లు గుమ్మఘట్ట. మేనత్త దగ్గర నేర్చుకున్న పాటలు సగం తెలుగు, సగం కన్నడం. కాపురానికి వచ్చిన కొత్తలో పాటలో కన్నడం ముక్క పడినప్పుడల్లా అత్త కళ్ళెర్ర చేసేదట. అవ్వ మరుసటిసారి ఆ ముక్కనే ఇంకాస్త గట్టిగా పాడేదట. పేర్ల చరణాన్ని శెనక్కాయ చేనులో కలుపు తీస్తూ కట్టేది. కొట్టంలో పేడ ఎత్తుతూ సాధన చేసేది. ఆ ఇంటి బర్రెలకు తెలిసినన్ని వంశాలు కరణానికి కూడా తెలియవని ఊళ్ళో నవ్వుకునేవాళ్ళు. వానలు ఎగ్గొట్టి, పంటలు పోయి, పెళ్ళిళ్ళు వాయిదా పడిన ఏళ్ళలో గొంతు దురద పుడుతోందని అవ్వ బోరు దగ్గర నిలబడి ఎవరూ అడగకుండానే పాడేది. అప్పుడు నీళ్ళు పట్టుకోవడానికి ఎవరూ ఆ పక్కకు వచ్చేవాళ్ళు కాదు.

అలాంటి అవ్వ మీద, సొంత మనవరాలి పెళ్ళిలోనే పేర్ల చరణం ఎగ్గొట్టిందన్న నింద పడింది.

శశిని ఇచ్చింది పామిడి వాళ్ళకు. పెళ్ళి రోజు తలంబ్రాల దగ్గర అవ్వ పాట ఎత్తుకుంది. అంతా బాగానే సాగింది. పేర్ల చరణం మొదలుపెట్టేసరికి, టౌను నుంచి పిలిపించిన మేళం వాళ్ళకు ఏం హుషారు పుట్టిందో, బుగ్గలు పూరించి సన్నాయి ఊది, డోళ్ళు పగిలేలా బాదారు. సోబాన పాడేటప్పుడు మేళం ఆగాలన్న సంగతి వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. అవ్వ ఆపలేదు, పాడుతూనే ఉంది. ఎవరికీ వినపడలేదు. పెళ్ళికొడుకు నాయన పేరు పెద్దన్న. ఆయన, ఆయన భార్య తమవాళ్ళ పేర్లు రాలేదని నొచ్చుకుని వెళ్ళిపోయారు. ఆ మాట ఊళ్ళు తిరిగి, నెల గడిచాక అవ్వ వాకిట్లోకే వచ్చింది.

తెచ్చింది ఇంద్రాణమ్మ. ఊళ్ళో పెద్ద రైతు ఇంటావిడ. ఆమె కొడుకు పెళ్ళి దగ్గర పడింది. ఆమె వెనకే పక్కింటి తిమ్మక్క కూడా వచ్చింది. తిమ్మక్కకూ పాటలు వచ్చు. కానీ బయమ్మవ్వ ఉండగా ఆమెకు ఎప్పుడూ పిలుపు రాలేదు.

"బయమ్మత్తా, దాపరికం లేకుండా చెప్పు" అంది ఇంద్రాణమ్మ. "శశి పెండ్లిలో పామిడోళ్ళ పేర్లు పాడినావా, లేదా? ఆ పెద్దన్న పెండ్లాం నా మొగం మీదే అనె. మా పేర్లు ఒక్కటీ రాల్యా, మమ్మల్ని చులకన చేసి పంపినారు అని."

"పాడినా. పెద్దన్న పేరు పాడినా, వాళ్ళ తాత పేరు పాడినా. వాళ్ళ నాయన పేరుకు ఇంకొంచెం రాగం గూడా ఎక్కువ తీసినా."

"నేను నీ పక్కనే నిలబడుంటి గదమ్మా" అంది తిమ్మక్క. "నా చెవిలో ఏం పడల్యా."

"నీ చెవులు ఆ పొద్దు యాడుండె తిమ్మక్కా? వంటలోళ్ళు బూందీ దూస్తాంటే ఆడుండె."

"బూందీ సంగతి ఎందుకులేమ్మా, నువ్వు తిన్నది నేను చెప్తే బాగుండదు."

ఇంద్రాణమ్మ ఇద్దరి మధ్యకు వచ్చింది. "గమ్మునుండండి. మా కొడుకు పెండ్లిలో పేర్లు తప్పితే మా ఆయప్ప నన్ను బతకనీడు. మధ్యాన్నం ఆకువక్క తీసుకోని వస్తా. ఎవురికియ్యాలో మీరే తేల్చండి."

ఆకువక్క పెట్టడమంటే పాటకు పిలుపు. పల్లెల్లో ఆ తాంబూలం ఒకసారి ఒకరిని దాటి పక్కింటికి పోయిందంటే, ఇక మళ్ళీ ఆ గడపకు రాదు. అవ్వకు ఆ సంగతి అందరికంటే బాగా తెలుసు. ఎందుకంటే వెనకటికి ఒకామెను దాటుకుని అది అవ్వ దగ్గరికి వచ్చింది.

అవ్వ కొంగు బిగించింది. "తేల్చేది ఏముండాది? పొద్దున బస్సులో పెండ్లి డిస్కు వచ్చింది. వీడియో ఆయప్ప ఇన్నాళ్ళకు పంపినాడు. మధ్యాన్నం రాండి. టీవీలో నేనే పాడతా, మీరే వినండి."

తిమ్మక్క మొగం కాస్త చిన్నబోయింది. అవ్వకు అది చాలు. వాళ్ళు వాకిలి దాటగానే లోపలికి పరుగెత్తింది. మోకాళ్ళ నొప్పులని పొద్దున్నే మూలిగిన మనిషి ఈమేనా అని సుంకన్న తాత చూస్తూ ఉండిపోయాడు.

ఆ ఇంట్లో ఒక డిస్కు ప్లేయర్ ఉండేది. అనంతపురంలో ఉద్యోగం చేసే కొడుకు దివాకర్ తెచ్చిపెట్టాడు. పేరున్న కంపెనీది కాదు, అక్కడే ఎవరో బిగించి అమ్మేది. కోడలు జ్యోతిలక్ష్మి దాన్ని నడిపేది. ఆమె పెరట్లో బట్టలు ఆరేస్తుంటే అవ్వ కవరు చించి డిస్కు బయటికి తీసింది. ఒక పక్క నల్ల పెన్నుతో ఏదో గీకి ఉంది. రెండో పక్క అద్దంలా ధగధగా మెరిసిపోతోంది. మనవరాలి పెళ్ళి ఉన్న వస్తువు. దాన్ని అట్లాగే బోసిగా పెట్టెలోకి తోయడానికి అవ్వకు చేతులు రాలేదు. పసుపు తడిపి, మెరిసే పక్క నాలుగు దిక్కులా నాలుగు బొట్లు పెట్టి, వాటి మీద కుంకుమ అద్దింది. కళ్ళకు అద్దుకుని కోడలిని పిలిచింది.

జ్యోతిలక్ష్మి వచ్చేసరికి డిస్కు పెట్టె ట్రేలో బోర్లా పడుకుని ఉంది. పైకి నల్ల గీతలు తప్ప ఏమీ కనపడలేదు. ఆమె బటన్ నొక్కింది. లోపల కరకరమని చప్పుడైంది. కొంచెం ఆగి మళ్ళీ కరకర. టీవీలో నీలం తెర మీద ‘నో డిస్క్’ అని వచ్చింది. డిస్కు బయటికి తీద్దామంటే ట్రే కూడా కదల్లేదు.

"ఏమంటాంది?" అని అడిగింది అవ్వ.

"డిస్కు లేదంటాంది అత్తా."

"కడుపులో పెట్టుకోని లేదంటాదా! ఎంత అబద్ధం!"

అవ్వ ఇక ఆలోచించలేదు. ప్లేయర్‌ను పాత చీరలో చుట్టి, మొగుణ్ణి వెంటబెట్టుకుని శింగనమల ఆటో ఎక్కింది.

శింగనమల బస్టాండు పక్కన రాఘవేంద్ర షాపు ఉంది. రేడియోలు, టీవీలు, బోరు మోటర్ల స్టార్టర్లు, ఏది చెడినా జనం అతని దగ్గరికే తెస్తారు. అవ్వ చీర మూటను ఒళ్ళో పెట్టుకుని ఆటో దిగడం చూసి అతను నవ్వాడు.

"ఏమవ్వా, ఎవురి బిడ్డ?"

"నవ్వుదువుగాని, ముందు చూడు నాయనా. ఊపిరి తీస్తాంది, నోరు తెరవడం లేదు."

అతను కరెంటు పెట్టి బటన్ నొక్కాడు. ట్రే రాలేదు. ముందు వైపు చిన్న బెజ్జం ఒకటి చూపించి, పిన్నీసు ఉందా అని అడిగాడు. అవ్వ తాళిబొట్టుకు ఎప్పుడూ పిన్నీసుల గుత్తి వేలాడుతూ ఉంటుంది. ఒకటి తీసి ఇచ్చింది. దాన్ని సాపు చేసి బెజ్జంలో పొడవగానే ట్రే నాలుకలా బయటికి వచ్చింది. రాఘవేంద్ర డిస్కు తీసి వెనక్కి తిప్పి చూశాడు.

"ఇదేందవ్వా? గడప పూజ చేసినావా?"

"పెండ్లి డిస్కు నాయనా. బొట్టు లేకుండా పెడతారా?"

"పెడితే పెట్టినావు, ఈ రాసిన పక్క పెట్టుండకూడదా? మెరిసే పక్కే పెట్టాల్నా?"

"మెరిసేదే గదప్పా మొగం! మొగం ఇడిసిపెట్టి వీపుకు బొట్టు పెడతారా ఎవురైనా?"

రాఘవేంద్ర డిస్కు పక్కన పెట్టాడు. స్క్రూలు విప్పి మూత ఎత్తాడు. లోపల పెద్దగా ఏమీ లేదు. ఒక పచ్చ బోర్డు, దాని పక్కన కంప్యూటర్లలో ఉండేలాంటి డిస్కు డ్రైవు, రెండింటినీ కలుపుతూ ఒక వెడల్పాటి బూడిదరంగు పట్టీ. డ్రైవు కూడా విప్పి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఇంకోసారి వాసన చూశాడు.

"పసుపు సరే. ఆముదం వాసన ఎందుకొస్తాంది?"

సుంకన్న తాత బస్టాండు వైపు తిరిగి, రాని బస్సు కోసం చూడసాగాడు.

"ఏమయ్యా!" అంది అవ్వ.

"కరకరమంటాంటే... ఒక్క చుక్క..." అన్నాడు తాత. "బండి చక్రానికి పోయమా? ఇదీ తిరిగేదే గదా."

"ఎప్పుడు పోసినావు?"

"నువ్వు చీర వెతకను లోపలికి పోయినప్పుడు. ఆ సందులోనుంచి."

అవ్వ తిట్టడానికి నోరు తెరిచింది. డిస్కు మీద తన బొట్లు కళ్ళ ముందే ఉన్నాయి. నోరు మూసుకుంది. అంత సులభంగా ఆమె నోరు మూతపడడం తాత తన జన్మలో చూడలేదు.

రాఘవేంద్ర టార్చి వేసి లోపలున్న చిన్న గాజుపూసను చూపించాడు. "ఇది లెన్స్ అవ్వా. దీనికి ఇదే కన్ను. డిస్కు మీద ఉండేదంతా ఇదే చూస్తాది. ఇప్పుడు కంటినిండా పసుపు, కుంకుమ. దాని మీద ఆముదం. తిరిగినప్పుడు ఆ ముద్ద మోటర్లోకి గూడా పోయి పట్టేసింది." దూది పుల్లతో తుడిచి చూశాడు. మళ్ళీ కరెంటు ఇచ్చాడు. మోటరు ఒక్క మూలుగు మూలిగి ఆగింది. "లాభం లేదు. డ్రైవు మొత్తం మార్చాల."

"మార్చు మరి, చూస్తాండావేం?"

"యాడుండాది నా దగ్గర? అనంతపురం పోయి తేవాల. రేపు రాండి."

రేపటికి ఆకువక్క తిమ్మక్క ఇంట్లో ఉంటుంది. అవ్వ షాపు మెట్టు మీద కూలబడింది. అలా కూలబడి ఏడుస్తుందేమోనని రాఘవేంద్ర భయపడ్డాడు. అవ్వ ఏడవలేదు. బల్ల కింద, చిందరవందరగా పడి ఉన్న తీగల వెనకాల, అతని సొంత కంప్యూటర్ ఒకటి ఆమె కంటపడింది. దాని ముందు వైపు అచ్చం అలాంటి నోరే ఒకటి మూసుకుని ఉంది.

"అదేంది?"

"అది నాది. నేను పాటలు ఎక్కించుకునేది. దాన్ని ముట్టుకునేది లేదు."

"నాయనా, నువ్వు చెన్నప్ప కొడుకువు గదూ?"

"ఆ."

"కుళ్ళాయప్ప మనవడివి. మీ నాయన పెండ్లిలో సోబాన ఎవురు పాడినారో మీ అమ్మను అడుగు."

అంతటితో ఆగలేదు. మెట్టు మీద కూచున్నది కూచున్నట్టే గొంతు సవరించుకుని ఎత్తుకుంది. చెన్నప్ప పెళ్ళినాటి పేర్ల చరణం, ముత్తాతతో మొదలుపెట్టి వరసగా. బస్టాండులో జనం తలలు తిప్పారు. సోడాల బండి ఆయన సీసా కొట్టడం ఆపి వచ్చాడు. ఆటోవాళ్ళు దిగి వచ్చారు. కుళ్ళాయప్ప పేరు వచ్చేసరికి, ఆయన్ను ఎరిగిన ముసలాయన ఒకడు ‘భలే, భలే’ అని తొడ చరిచాడు. రాఘవేంద్ర చెవులు ఎర్రబడ్డాయి.

"ఆపవ్వా, నీకు దండం పెడతా! తీస్తా! తీసిస్తా!"

"చరణం నడిమధ్యలో ఆపకూడదు నాయనా" అని అవ్వ మిగతాది కూడా పాడి ఆపింది.

ఇక పని మొదలైంది. రాఘవేంద్ర తన కంప్యూటర్ డ్రైవు ఊడదీసి ప్లేయర్లో కూచోబెట్టాడు. బూడిదరంగు పట్టీ తగిలించాడు, కరెంటు తీగ గుచ్చాడు. చుట్టూ చేరిన జనంలో ఒక్కరూ కదల్లేదు. బటన్ నొక్కాడు. దీపం వెలిగింది. ట్రే మాత్రం బయటికి రాలేదు.

"ఇదీ పోయిందా?" అని అవ్వ ఎగిరి లేచింది.

"ఉండవ్వా, ఉండు." అతను డ్రైవు వెనకవైపు చూసి తల కొట్టుకున్నాడు. అక్కడ సన్న సూదుల వరస మీద గోరంత క్లిప్పు ఒకటి ఉంది. "మర్చేపోయినా. నా కంప్యూటర్లో ఇది రెండోది. ముందరున్నది ఏం చెప్తే అది వినేది. ఈ పెట్టెలో ఇదే మొదటిది. అది దీనికి చెప్పాల గదా. ఈ క్లిప్పు ఇక్కడ్నుంచి తీసి ఆ పక్కకు పెడితే తెలుస్తాది."

"అంటే ఇన్నాళ్ళు చిన్నకోడలు, ఇప్పుడు పెద్దకోడలు."

"అంతే అనుకో."

"మరి చెప్పకుండా ఇంట్లోకి తోస్తే గమ్మున నిలబడదా పాపం! జల్దీ చెప్పు."

అతను పట్టకారుతో క్లిప్పు జరిపాడు. ఈసారి ట్రే బయటికి రాబోయి ఆగిపోయింది. దాని ముందున్న ప్లాస్టిక్ బిళ్ళ పెట్టె అంచుకు తగులుతోంది. రాఘవేంద్ర దాన్ని లాగేసి పక్కన పడేశాడు. ట్రే బోసినోటితో బయటికి వచ్చింది. అచ్చం సుంకన్న తాత నవ్వినట్టే ఉందని అవ్వ అంటే, చుట్టూ ఉన్నవాళ్ళు తాతను నవ్వమని అడిగి మరీ పోల్చి చూసుకున్నారు.

డిస్కును సబ్బునీళ్ళతో కడిగి, మెత్తని గుడ్డతో మధ్య నుంచి అంచుకు తుడిచి లోపల పెట్టాడు. ఒక చిన్న టీవీకి తగిలించాడు. చప్పుడు లేదు. సన్నగా గాలి వీచినట్టు లోపల ఏదో తిరిగింది. తెర మీద పందిరి, పందిరి కింద శశి, శశి పక్కన జరీ చీరలో బయమ్మవ్వ!

"నేనే! ఏమయ్యా, చూడు, నేనే!" అని అవ్వ మొగుడి భుజం మీద ఒక్కటి చరిచింది.

"మాట రాదే?" అన్నాడు తాత భుజం రుద్దుకుంటూ.

"ఈ టీవీ స్పీకర్ పోయింది. రిపేరుకు వచ్చిందే" అన్నాడు రాఘవేంద్ర. "బొమ్మ వచ్చిందంటే మాటా వస్తాది. మీ ఇంట్లో వినండి. అవ్వా, ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో. బొట్టు పెట్టాలనిపిస్తే పెట్టె మీద పెట్టు, లోపల వద్దు."

ఆటోలో దారి పొడుగునా అవ్వ ప్లేయర్‌ను రొమ్ముకు అదుముకుని కూచుంది. "గుంతలు చూసి పోనీ నాయనా, లోపల కన్నుండాది" అని డ్రైవర్‌ను హెచ్చరిస్తూనే, "ఏం నాయనా, నడిచిపోయేటోళ్ళు మనల్ని దాటిపోతాండారు" అని తొందర పెట్టింది. పాపం, అతనికి ఏ మాట వినాలో తెలియలేదు.

ఇంటికి చేరేసరికి నడవ నిండా ఆడవాళ్ళు. ఇంద్రాణమ్మ ఇత్తడి పళ్ళెంలో ఆకులు, వక్కలు పెట్టుకుని మంచం మీద కూచుంది. తిమ్మక్క ముందు వరసలో చాప వేసుకుంది. జ్యోతిలక్ష్మి తీగలు తగిలించి రిమోట్ పట్టుకుంది.

డిస్కు మొదలైంది. ఎవరి మొగం కనపడితే వాళ్ళు సిగ్గుపడుతూ, పక్కవాళ్ళ మొగం వస్తే నవ్వుతూ, ఇల్లంతా గోలగోలగా ఉంది. ఒకచోట తిమ్మక్క బూందీ దోసిట్లో పోసుకుంటూ కనిపించింది. అవ్వ ఇంద్రాణమ్మ వైపు చూసి ఒక్కసారి దగ్గింది, అంతే.

తలంబ్రాలు వచ్చాయి. అందరూ సద్దుమణిగారు. తెర మీద బయమ్మవ్వ ముందుకు వచ్చి, కొంగు సర్దుకుని, నోరు పెద్దగా తెరిచింది.

అవ్వ నోట్లోంచి ఒక పడుచుపిల్ల గొంతుతో సినిమా పాట వచ్చింది. వెంటనే ఒక మగ గొంతు కూడా వచ్చింది.

ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. అంతే, నవ్వులు గోడలకు కొట్టుకున్నాయి. వీడియో ఆయన పెళ్ళంతటికీ సినిమా పాటలు అతికించి పంపాడు. మేళం లేదు, మంత్రం లేదు, అవ్వ గొంతు అసలే లేదు.

"ఏం గొంతు బయమ్మా!" అంది తిమ్మక్క కళ్ళు తుడుచుకుంటూ. "పదారేండ్ల పిల్ల మాదిరి ఉండాది. ఆ మగాయన ఎవురు, మా సుంకన్న బావేనా?"

అవ్వ తెర వంకే చూస్తోంది. పొద్దున్నుంచి మోసిన ఆశంతా ఆ పాటలో కొట్టుకుపోతోంది. ఇంద్రాణమ్మ పళ్ళెం సర్దుకుంటోంది. లేవబోతోంది. తెర మీద బయమ్మవ్వ మాత్రం ఇదేమీ పట్టనట్టు నోరు తెరుస్తూ, మూస్తూ, దీర్ఘం తీస్తూ పాడుకుంటూ పోతోంది.

"జోతీ!" అని అరిచింది అవ్వ. "ఆ పాట గొంతు నొక్కు!"

"ఏందత్తా?"

"మాట రాకుండా చెయ్యి. బొమ్మ మాత్రం ఉండనీ. చేసినావా? ఇప్పుడు వెనక్కి తిప్పు. నేను నోరు తెరిచిన తావుకు."

టీవీ మూగబోయింది. అవ్వ పోయి దాని పక్కన నిలబడింది. "ఇంద్రాణీ, కూచో. నా నోరు ఆడుండాది, గొంతు ఈడుండాది. రెండూ కలుస్తాయో లేదో చూడు. కలవకపోతే నీ ఆకువక్క నేనే తీసకపోయి తిమ్మక్కకు ఇచ్చొస్తా."

తెర మీద అవ్వ నోరు తెరిచింది. ఇక్కడి అవ్వ కూడా తెరిచింది. కలవలేదు. ఇక్కడ పాట ముందు పోతోంది, అక్కడ నోరు వెనక పడుతోంది. ముందు వరసలో మళ్ళీ నవ్వు లేచింది.

"ఉరకకు" అన్నాడు సుంకన్న తాత గడప దగ్గర్నుంచి. పొద్దున్నుంచి తిట్లు తినడమే తప్ప నోరెత్తని మనిషి. "ఆ పొద్దు బిడ్డ పోతాందని ఏడుపు మింగుకుంటా పాడినావు. నిదానంగా పాడినావు. నాకు తెల్సు."

అవ్వ మొగుడి వైపు ఒకసారి చూసింది. "మళ్ళీ తిప్పు జోతీ" అంది.

ఈసారి నిదానంగా ఎత్తుకుంది. ఎక్కడ ఊపిరి పీల్చిందో అక్కడ పీల్చింది. ఎక్కడ గొంతు అడ్డుపడి ఆగిందో అక్కడ ఆగింది. పల్లవి కలిసింది. మొదటి చరణం కలిసింది. జనం మోకాళ్ళ మీద ముందుకు జరిగారు. తెర పక్కన మేళం వాళ్ళు బుగ్గలు పూరించారు. డోలు కర్రలు లేచాయి. పేర్ల చరణం వచ్చింది.

సరిగ్గా అప్పుడే వీడియో ఆయన పనితనం చూపించాడు. బొమ్మ గిర్రున తిరిగి, చిన్నదై, ఎర్రటి హృదయం ఆకారంలోకి దూరింది. అందులో బయమ్మవ్వ మొగం, చుట్టూ గులాబీలు.

"అయ్యో, దీని అమ్మ కడుపు కాలా!" అని తిమ్మక్కే ముందుగా అరిచి టీవీ దగ్గరికి పాకింది. ఇంద్రాణమ్మ పళ్ళెం మంచం మీద వదిలేసి వచ్చి కూచుంది. ఆడవాళ్ళంతా తలలు దగ్గర పెట్టి, ఆ గులాబీల నడుమ చిక్కుకున్న చిన్న నోటి వైపు కళ్ళార్పకుండా చూశారు. అవ్వ పాడుతోంది.

"పెన్న ఇసకంత మందీ పామిడీ వారూ సోబానా,
ముత్తాత ఓబన్నకు ముత్యాల సేసా సోబానా,
తాతయ్య హనుమన్నకు తామరల సేసా సోబానా,
పెండ్లికొడుకూ నాయన పెద్దన్న సేసా సోబానా."

ఓబన్న దగ్గర తెర మీది పెదవులు కలిసి విడిపోయాయి. హనుమన్న తర్వాత వచ్చిన పెద్ద దీర్ఘానికి నోరు తెరుచుకుని అట్లాగే నిలిచింది. ‘పెద్దన్న’ అనేటప్పుడు పెదవులు మళ్ళీ కలిశాయి.

"అనింది! పెద్దన్న అనింది!" అని ఇంద్రాణమ్మ కేక పెట్టింది.

పాట అయిపోయింది. హృదయంలోని బయమ్మవ్వ నోరు మూసి కొంగుతో మూతి తుడుచుకుంది. టీవీ పక్కన నిలబడ్డ బయమ్మవ్వ కూడా, తెర వైపు చూడకుండానే, అదే వేళకు కొంగుతో మూతి తుడుచుకుంది. ఇల్లు దద్దరిల్లేలా అరిచారు. ఎవరో ఈల కూడా వేశారు. ఎవరన్నది తర్వాత ఎంత అడిగినా తేలలేదు.

ఇంద్రాణమ్మ పళ్ళెం తెచ్చి రెండు చేతులా పట్టుకుంది. "తీసుకో అత్తా. పెద్దన్న పెండ్లానికి నేనే చెప్తా. కావాలంటే ఈ డిస్కు వాళ్ళకూ చూపిద్దాం, నువ్వు ఆడికొచ్చి పాడుదువుగాని."

అవ్వ వెంటనే అందుకోలేదు. తిమ్మక్క వైపు తిరిగింది. "నిజంగానే నీకు వినపడల్యా తిమ్మక్కా?"

"ఒట్టు బయమ్మా. పక్కనే ఉన్యా. ఒక్క ముక్క వినపడల్యా."

అవ్వ తల పంకించింది. "అంటే నా గొంతు మేళాన్ని దాటల్యా. ముందైతే దాటుతాండె. డోళ్ళోళ్ళే ఆపి వినేటోళ్ళు." అంత మాట ఆమె నోట వినడం ఎవరికీ అలవాటు లేదు. అట్లా దిగులుగా ఎక్కువసేపు ఉండడం అవ్వకూ చేతకాదు. చటుక్కున పళ్ళెం లాక్కుని, ఆకులను రెండు పాళ్ళు చేసి, ఒక పాలు తిమ్మక్క ఒళ్ళో పడేసింది. "కొంగు పట్టు. ఇద్దరం పాడదాం. ఏ మేళమోడు దాటిపోతాడో చూస్తా."

తిమ్మక్క ఆకులను చూసింది, అవ్వను చూసింది, గబుక్కున కొంగున మూటగట్టుకుంది. ఇన్నేళ్ళకు వచ్చిన పిలుపు ఎక్కడ వెనక్కి పోతుందోనన్నట్టు ముడి మీద ముడి వేసింది.

"పేర్లు నేను చెప్తా, నువ్వు సోబానా అను" అంది అవ్వ.

"ఎందుకంటా? నువ్వే సోబానా అను. నేను పేర్లు చెప్తా."

"నీకు పేర్లు యాడొస్తాయే? మీ ఆయన తాత పేరు చెప్పు చూద్దాం."

"రంగన్న!"

"రంగన్న మీ ఆయన చిన్నాయన!"

ఇద్దరూ టీవీకి అడ్డంగా నిలబడి వాదించుకుంటున్నారు. వాళ్ళ కొంగుల సందుల్లోంచి పెళ్ళి చూడాలని వెనక వరసవాళ్ళు మెడలు సాచారు. ఇంద్రాణమ్మ తన మామగారి తాత పేరు చెప్పి పోదామని ఎంతసేపు నిలబడినా, ఆమె మాట వినే నాథుడు లేకపోయాడు.